ఎండాకాలం కారు, పెట్రోలు వాసన

పల్నాడులోని మా రెంటచింతలను చూడనివాళ్ళు కూడా పేరు వినే ఉంటారు. ఏప్రిల్ వస్తే చాలు, రాష్ట్రంలో ఎండ ఎక్కువ కాసిన ఊళ్ళ పేర్లు చదివేటప్పుడు వార్తల్లో మా ఊరి పేరు లేకుండా ఉండదు. వాతావరణ శాఖ కేంద్రం ఊళ్ళోనే ఉంది కాబట్టి మా ఎండకు లెక్క కూడా ఉంది. మే నెలలో నీడన 44, 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. నీడలోనే అంతుంటే, అద్దాలు బిగించి ఎండలో నిలబెట్టిన కారు లోపల ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఎండలు ముదిరేకొద్దీ మా ఇంటి అరుగు మీదికి ఒక ప్రశ్న వస్తూ ఉంటుంది. "తాతా, కారు తలుపు తీస్తే పెట్రోలు వాసన గుప్పున కొడతంది, ఏందది?" అని. కొందరు అప్పటికే అద్దం దగ్గర సెంటు సీసా ఒకటి తగిలించి ఉంటారు. ఆ పని మాత్రం చెయ్యకండర్రా. వాసన పోయిందనుకుంటాం గానీ ఆవిరి ఎక్కడికీ పోదు.

అసలు పెట్రోలంటే ఏమిటో ముందు చూద్దాం. నీళ్ళు ఒక్కటే పదార్థం కాబట్టి 100 డిగ్రీలకు మరుగుతాయి. పెట్రోలులో ఒకటి కాదు, వందల రకాల హైడ్రోకార్బన్లు ఉన్నాయి. వాటిలో బరువైనవి 200 డిగ్రీల దాకా లొంగవు. తేలికవి మాత్రం పట్టపగ్గాల్లేనివి. పెంటేన్‌ను విడిగా తీసి గిన్నెలో పోస్తే 36 డిగ్రీలకే మరుగుతుంది. దాని తోబుట్టువు ఐసోపెంటేన్‌కు 28 డిగ్రీలు చాలు. ట్యాంకులో ఇవి బరువైనవాటితో కలిసి ఉంటాయి కాబట్టి కుతకుత ఉడకవు గానీ, మన మే నెల ఎండకు ఆవిరై మూతను లోపలినుంచి నెడుతూనే ఉంటాయి. ఆ ఆవిరికి ఎక్కడో ఒక సందు దొరికిందంటే మీ ముక్కు దాకా వచ్చేస్తుంది.

ముక్కు ఈ విషయంలో గట్టి పనిమంతురాలు. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు పెట్రోలు ఆవిరి కలిసినా పట్టేస్తుంది. నిప్పంటుకోవాలంటే గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళు ఉండాలి. అంటే అగ్ని ప్రమాదానికి ఎంతో ముందే, దానికి వేల రెట్లు తక్కువ ఉన్నప్పుడే ముక్కు మనకు చెబుతుంది. ఒక్కటే చిక్కు: కాసేపు అదే గాలిలో కూర్చుంటే ముక్కు అలవాటుపడి చెప్పటం మానేస్తుంది. అందుకే రోజూ కారు నడిపేవాడి మాట కంటే, బయటినుంచి వచ్చి అప్పుడే ఎక్కిన మనిషి మాటే నమ్మాలి. ఇంట్లో ఆడవాళ్ళో పిల్లలో "వాసనొస్తుంది" అంటే "నాకేం రావట్లేదే" అని కొట్టిపారెయ్యకండి.

ఆ వాసనలో బెంజీన్ కూడా ఉంటుంది. మైకేల్ ఫారడే 1825లో దీపాలు వెలిగించే గ్యాసు వదిలిన నూనెలోంచి దాన్ని మొదటిసారి వేరు చేశాడు. అది క్యాన్సర్ కారకమని ఇవాళ ఏ సందేహమూ లేకుండా తేలింది. మన దేశంలో పెట్రోలులో బెంజీన్ ఒక శాతం మించకూడదని నిబంధన పెట్టింది అందుకే. కాబట్టి నిప్పు భయం లేకపోయినా, వాసనొచ్చే కారులో పసిపిల్లల్ని పడుకోబెట్టి మాచర్ల నుంచి గుంటూరు దాకా తీసుకుపోవటం మంచిది కాదు.

ఇక జాగ్రత్త సంగతి. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు, నేలమీద పాకి పల్లానికి చేరుతుంది. వేడిగా ఉంటేనే అంటుకుంటుందనుకునేరు. సున్నాకు 40 డిగ్రీల దిగువ చలిలో కూడా అంటుకోవటానికి చాలినంత ఆవిరి పెట్రోలు నుంచి వస్తుంది. నడుస్తున్న కారులో వాసన ఒక్కసారిగా ఎక్కువైతే పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, అందరూ దిగి దూరంగా జరగండి. కింద బొట్లు పడుతున్నాయేమో చూడటానికి లైటరో అగ్గిపుల్లో వెలిగించే మనుషులు ఇంకా ఉన్నారు. చేతిలో బీడీ ఉన్నవాడు అసలు దగ్గరకే రాకూడదు. బొట్లు పడుతున్న కారును మళ్ళీ స్టార్ట్ చెయ్యకండి. మెకానిక్‌నే దాని దగ్గరకు పిలవండి.

ఇంక వెతకటానికి వద్దాం. మా తమ్ముడి మనవడు ఒకడు మిరప సాగు చేస్తాడు. పాత పెట్రోలు కారొకటి కొన్నాడు. వాసన అంటూ రెండు షెడ్లు తిరిగాడు. ఒకరు ట్యాంకు మూత మార్చారు, ఇంకొకరు ప్లగ్గులు మార్చారు. డబ్బు పోయింది గానీ వాసన పోలేదు. నా దగ్గరకొచ్చినప్పుడు నేనడిగింది ఒకటే: "ఎప్పుడొస్తుందిరా?"

"ఎప్పుడూ వస్తది తాతా."

"ఎప్పుడూ అంటే కుదరదు. బంకులో కొట్టించిన రోజా? ఎండలో పెట్టినప్పుడా? పొద్దున స్టార్ట్ చేసేటప్పుడా? పోతున్నప్పుడా? ఒక కాగితం మీద రాసుకుని రా."

వాసన వచ్చే వేళలోనే సగం జవాబు ఉంటుంది. ఏసీలో రెండు పద్ధతులుంటాయి కదా, బయటి గాలి తీసుకునేది ఒకటి, లోపలి గాలినే తిప్పేది ఒకటి. బయటి గాలి తీసుకునే రంధ్రాలు ముందు అద్దం కింద, బానెట్‌ను ఆనుకుని ఉంటాయి. బయటి గాలి పెట్టినప్పుడు వాసన పెరిగితే ఇంజను వైపు వెతకాలి. లోపలి గాలినే తిప్పినా తగ్గకపోతే వెనక సీటు కిందో, డిక్కీలోనో వెతకాలి. సాయంత్రం దాకా అద్దాలు బిగించి ఉంచిన కారుకు ముందు తలుపు, వెనక తలుపు, డిక్కీ ఒక్కొక్కటే తీసి వాసన చూస్తే ఏ మూల ఎక్కువుందో తెలిసిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

వాడు రాసుకొచ్చిన కాగితంలో నాకు కావాల్సిన ముక్క దొరికింది. ఫుల్ ట్యాంకు కొట్టించిన రోజు వాసన భరించలేం, సగానికి దిగాక తగ్గిపోతుంది, పావుకు వచ్చేసరికి అసలుండదు. అంటే సందు ట్యాంకు అడుగున లేదు, పైభాగంలో ఉంది. పెట్రోలు మట్టం అక్కడిదాకా ఉన్నప్పుడు మలుపుల్లో, గతుకుల్లో ఎగిరి ఆ సందును తడుపుతుంది. మట్టం దిగాక తడపలేదు. ఇంజెక్షన్ కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. దాన్ని పైనుంచి దించి, మధ్యలో ఒక రబ్బరు రింగు వేసి బిగిస్తారు. చాలా కార్లలో ఆ బిగింపు వెనక సీటు కిందే ఉంటుంది.

మెకానిక్‌ను ఇంటికే పిలిపించాం. కారును నీడకు నెట్టి, నాలుగు తలుపులూ తీసి, గాలి ఆడనిచ్చి, వెనక సీటు ఎత్తాడు. దాని కింద గుండ్రటి రేకు మూత, స్క్రూలు. మూత తియ్యగానే వాసన ముఖాన కొట్టింది. పంపు తల చుట్టూ మా పొలం దారుల నల్లమట్టి దుమ్ము పొడిగా, వేలు పెడితే లేచిపోయేట్టు పేరుకుని ఉంది. ఒక్క పక్క మాత్రం దుమ్ము లేవలేదు. బెత్తెడు పొడవున గోధుమరంగు చార, వేలితో గీరితే జిగటగా ఉంది. పెట్రోలు ఊరి, ఆవిరై, తనలోని బరువైన భాగాన్ని దుమ్ముతో కలిపి వదిలిన గుర్తు అది. అంతకుముందు వెతికిన ఇద్దరూ ఈ సీటు ఎత్తలేదు.

మెకానిక్ ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజనును దానంతట అదే ఆగేదాకా నడిపించాడు, అట్లా చేస్తే గొట్టంలోని ఒత్తిడి దిగుతుంది. ఇంజెక్షన్ బండ్లలో ఆ ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, దించకుండా గొట్టం ఊడదీస్తే పెట్రోలు కళ్ళలోకి చిమ్ముతుంది. ట్యాంకు బిగింపు విప్పే ముందు బ్యాటరీ తీగ కూడా తీసేశాడు. పాత రింగు బయటికి తీసి చూస్తే ఉబ్బి, ఒకచోట నొక్కుకుపోయి ఉంది. దాన్నే తుడిచి మళ్ళీ వేస్తానన్నాడు. వద్దన్నాను. పెట్రోలు తాగి ఉబ్బిన రబ్బరు ఒకసారి బయటికొచ్చాక మళ్ళీ దాని గాడిలో సరిగా కూర్చోదు. కొత్త రింగు పెట్టి, చుట్టూ సమంగా బిగించాక ఫుల్ ట్యాంకుతో నడిపి చూశారు. వాసన లేదు.

వాసనకు ఇంకో పెద్ద కారణం చెప్పేముందు ఒక శాస్త్రజ్ఞుడి సంగతి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన కథ. ఏరీ హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో అనాసపండుకు ఆ వాసన ఎక్కడినుంచి వస్తుందో పరిశోధిస్తున్నాడు. ఆ రోజుల్లో లాస్ ఏంజెలెస్ నగరం మీద కళ్ళు మండే పొగమంచు కమ్ముకునేది. పండు వాసనను పట్టిన పద్ధతితోనే ఆయన ఆ గాలిని కూడా పట్టి చూశాడు. కార్లనుంచి, చమురు శుద్ధి కర్మాగారాలనుంచి వచ్చే పెట్రోలు ఆవిరీ, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల మొదట్లో తేల్చాడు. దాంతో నిలబడి ఉన్న కారు నుంచి పోయే ఆవిరిని కూడా ఆపాలని చట్టాలొచ్చాయి, కాలిఫోర్నియాలో 1970 నుంచి, అమెరికా మొత్తానికి 1971 నుంచి. ఆ చట్టాల వల్ల పుట్టినదే ఇవాళ మన పెట్రోలు కార్లన్నిటిలో ఉండే బొగ్గు డబ్బా, చార్‌కోల్ కానిస్టర్.

అందులో ఉండేది ఉత్తేజిత కర్బనం, అంటే కట్టెనో కొబ్బరి చిప్పనో కాల్చి, లోపలంతా సన్న రంధ్రాలు పడేట్టు తయారుచేసిన బొగ్గు. ఒక్క గ్రాము బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ పరిచి కొలిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 25 సెంట్లు. పగలు ఎండకు ట్యాంకులో లేచిన ఆవిరి గొట్టం గుండా వచ్చి ఆ గోడలకు అంటుకుంటుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటే ఇంజను ఆ ఆవిరిని పీల్చుకుని కాల్చేస్తుంది. పంట రోజున గాదెలో పోసుకుని, తర్వాత కొంచెం కొంచెం తీసి వండుకున్నట్టన్నమాట.

గాదెలోకి నీళ్ళు పోతే ఏమవుతుందో, ఈ డబ్బాలోకి ద్రవంగా పెట్రోలు పోతే అదే అవుతుంది. అది జరిగేది బంకు దగ్గర. పంపు గన్ను కొసన చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారే వేగానికి దాంట్లోంచి గాలి లోపలికి లాగబడుతుంది. ట్యాంకు నిండి పెట్రోలు ఆ రంధ్రాన్ని మూసిందా, గాలి ఆగి గన్ను టక్కున కట్టేసుకుంటుంది. ఆ టక్కుతో ఆపాలి. మనవాళ్ళు ఆపరు. "1,940 అయింది, రెండు వేలకు రౌండు చేస్తా" అంటాడు ఆ అబ్బాయి, మనం తల ఊపుతాం. మెడ దాకా నింపిన పెట్రోలు ఎండలో పెరుగుతుంది కూడా. భూమిలోని ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 40 లీటర్లు మరో 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ముప్పావు లీటరు పెరుగుతుంది. ఆ ముప్పావు లీటరుకు ట్యాంకులో చోటు లేకపోతే బొగ్గు డబ్బా వైపే దారి. బొగ్గు తడిసిపోయాక ఆవిరిని పట్టలేదు, వాసన బయటికే. కొన్నిసార్లు ఫుల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ చేస్తే ఇంజను మొరాయిస్తుంది. మామూలుగా పర్జ్ వాల్వు మూసుకోకుండా ఇరుక్కుపోయినప్పుడు అట్లా జరుగుతుంది. దాన్ని మెకానిక్ పరికరంతో పరీక్షించాలి. నోటితో ఊది చూడటం మాత్రం వద్దు. డబ్బా పాడైతే మార్చటమే, ఎండబెడితే బాగవుతుందన్న మాట నమ్మకండి.

మిగిలిన కారణాలు తొందరగా చెప్పేస్తాను. ట్యాంకు మూత రబ్బరు పగుళ్ళిచ్చి ఉండొచ్చు, తీసి చూస్తే కళ్ళకే తెలుస్తుంది. మూత దగ్గరినుంచి ట్యాంకు దాకా పోయే మెడ గొట్టం ఎండిపోయి బీటలు తీస్తుంది, అప్పుడు పెట్రోలు కొట్టించే క్షణంలోనే కింద తడి కనిపిస్తుంది. ఇంజెక్టర్ల ఓ-రింగులు గట్టిపడితే చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన కాసేపు వాసనొచ్చి, వేడెక్కి రబ్బరు వ్యాకోచించాక పోతుంది. సైలెన్సర్ నుంచి వాసన వస్తూ ఇంజను వణుకుతుంటే లీకు కాదు, ఒక సిలిండర్‌లో పెట్రోలు మండటం లేదు, ప్లగ్గో కాయిలో చూడాలి. ఊళ్ళోనే రోజూ కొద్ది దూరాలు తిరిగే కారులో ఇంజను సరిగా వేడెక్కక పెట్రోలు ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిలు కొలిచే పుల్ల తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. గడ్డివాముల పక్కన కారు పెట్టేవాళ్ళు గొట్టాల మీద ఎలుక పళ్ళ గాట్లున్నాయేమో కూడా చూడాలి.

కొత్త కారు కదా, లీకెందుకుంటుందని అనుకోకండి. 2018 నవంబరు 15 నుంచి 2019 ఆగస్టు 12 మధ్య తయారైన 40,618 వ్యాగన్‌ఆర్ 1.0 లీటరు కార్లను మారుతి సుజుకి 2019 ఆగస్టులో వెనక్కి పిలిచింది. ఇంధనం గొట్టం ఒక లోహపు క్లాంపుకు రాసుకునే అవకాశం ఉందని గుర్తించి, అవసరమైన భాగాన్ని ఉచితంగా మార్చింది. కంపెనీయే తప్పు చెప్పి బాగుచేయటం నా లెక్కలో మంచి పద్ధతి. మీ కారు ఛాసిస్ నంబరు చెప్పి అలాంటి పిలుపేమైనా ఉందేమో షోరూంలో అడగండి, అడిగినందుకు డబ్బు తీసుకోరు.

ఇథనాల్ సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును మన దేశంలో 2023 ఫిబ్రవరి 6న విడుదల చేశారు, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. ఇథనాల్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది, కొన్నిటిని గట్టిపరుస్తుంది. కొత్త బండ్లలో దానికి తగిన రబ్బరు వాడుతున్నారు. పదిహేనేళ్ళ నాటి కారు మీ దగ్గరుంటే భయపడి అమ్ముకోనక్కర్లేదు గానీ, గొట్టాలూ రింగులూ ఒకసారి మార్పించుకోండి. అవి కారులో చవకైన వస్తువులు.

లీకు కనిపించిన చోట సబ్బు రుద్ది మూసేవాళ్ళను మీరు చూసే ఉంటారు. సబ్బు నీళ్ళలో కరుగుతుంది గానీ పెట్రోలులో కరగదు, అందుకే నిలుస్తుంది. దారిలో ఇరుక్కుంటే ఒక పూటకు సరే. దాన్నే బాగుచేసినట్టు లెక్కవేసి నెలల తరబడి తిరగకూడదు. ఇంకా ఘోరం, ట్యాంకు ఖాళీ చేశాం కదా అని వెల్డింగు పెట్టించటం. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదం. నిండు ట్యాంకులో గాలి ఉండదు; ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరికి గాలి సరిపాళ్ళలో తోడై ఉంటుంది, రవ్వ పడితే బాంబే. బీటవారిన ట్యాంకును మార్చండి, అతికించకండి.

చివరగా మన పల్నాడుకు బాగా వర్తించే కారణం ఒకటుంది. కిందటేడు ఒకాయన డీజిల్ కారు తెచ్చి పెట్రోలు వాసనొస్తుందన్నాడు. డీజిల్ వాసన జిడ్డుగా, బరువుగా ఉంటుంది, దీని తీరు వేరు. డిక్కీ తీసి కార్పెట్ ఎత్తితే, స్టెప్నీ గుంటలో పురుగుమందు కారి ఎండిన మరక. మందు డబ్బా ఎప్పుడో పక్కకు ఒరిగినట్టుంది. మిరపకూ పత్తికీ కొట్టే మందుల్లో పేరు చివర ఈసీ అని ఉండేవి చూడండి, వాటిలో మందును కరిగించటానికి జైలీన్ లాంటి ద్రావకాలు వాడతారు. పెట్రోలుకు ఆ ఘాటు ఇచ్చేవాటిలో జైలీన్ ఒకటి. అందుకే ముక్కు రెంటినీ ఒకటే అనుకుంటుంది. ఇది పెట్రోలు లీకుకంటే చెడ్డది, ఎందుకంటే ద్రావకం ఎగిరిపోయి వాసన తగ్గాక కూడా విషం కార్పెట్‌లోనే ఉంటుంది. పిల్లలు డిక్కీలోనుంచి సంచులు తీస్తారు, బిస్కెట్లు తింటారు. ఆ కార్పెట్ ఉతికి వాడుకోకుండా తీసెయ్యండి, తగలబెట్టకండి. కింద రేకును చేతి తొడుగులు వేసుకుని పొడి మట్టి చల్లి పీల్పించి, ఎత్తేసి, సబ్బు నీళ్ళతో కడగండి. ఆ నీళ్ళు పశువులు తాగే చోటికి పోనివ్వకండి.

పవర్ స్ప్రేయర్‌కు పెట్రోలు తెచ్చుకునేవాళ్ళు కూల్‌డ్రింకు సీసాల్లో పట్టించి డిక్కీలో పడేస్తారు. ఎండకు సీసా ఉబ్బి, మూత వదులై, కారంతా ఆవిరి నిండుతుంది. ఇంధనం కోసమే తయారైన గట్టి డబ్బాలో, పూర్తిగా నింపకుండా తీసుకుని, కారులో మరిచిపోకుండా దింపెయ్యండి. బైకులు ఇంట్లో పెట్టుకునేవాళ్ళు వంటగది వైపు పెట్టకండి. కార్బురేటర్ పొంగితే ఆ ఆవిరి నేలమీద పాకి పొయ్యి దాకా వస్తుంది.

ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ పెట్రోలు కారు వెనక సీటు ఎత్తించి, ఆ మూత కింద దుమ్ము పొడిగా ఉందో తడిగా ఉందో చూపించుకోండి. తడి చార కనిపిస్తే కారు నడుపుకుంటూ షెడ్డుకు పోవద్దు, మెకానిక్‌కు ఫోన్ చేసి ఇంటికే రమ్మనండి.